డైమండ్ గుర్తు లేని డబ్బా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం మందు డబ్బాల గురించే. అందుకని ఎరువులు, డ్రిప్పు, పాడి ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేశాను. మొదటి ఉత్తరానికి కావాలనే ఎక్కువ జాగా ఇచ్చాను. అందులోని సంగతి ఈ రోజుల్లో మిర్చి వేసే ప్రతి ఊళ్లోనూ జరుగుతున్నదే.

*ప్రశ్న: సార్, మాది ఖమ్మం జిల్లా. మిర్చి పూతలో నల్ల తామర పురుగు కనబడితే మందుల కొట్టుకు పోయాను. "అన్నా, ఇది బయో మందు. ఒక్కసారి కొట్టు, మళ్లీ నా దగ్గరికి రావు" అని అర లీటరు డబ్బా చేతిలో పెట్టి రూ.1,800 తీసుకున్నాడు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె వేసి ఇచ్చాడు. కొట్టాక రెండు మూడు రోజుల్లో చిగుళ్లు మాడిపోయాయి. డబ్బా తీసుకెళ్లి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి చూపిస్తే "ఇది మా పరిధిలోకి రాదు" అన్నారు. ఎవరి పరిధిలోకి వస్తుందో మీరైనా చెప్పండి.*

జవాబు: మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ముందు వైపు పచ్చటి ఆకుల బొమ్మ, దాని కింద 'నూరు శాతం సేంద్రియం, పూర్తిగా సురక్షితం'. వెనక వైపు సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో 'వృక్ష సంబంధ పదార్థం 20 శాతం, ఇతరాలు 80 శాతం'. ఏ వృక్షమో లేదు, ఆ ఇతరాలు ఏవో అంతకన్నా లేదు. 'తామర పురుగు, నల్లి, తెల్లదోమ, ముడత అన్నింటికీ ఒకటే మందు' అని మాత్రం తెలుగులో లావు అక్షరాలు. చిరునామా ఉండాల్సిన చోట ఊరి పేరు ఒక్కటే ఉంది. గడువు తేదీ స్టాంపు సగం చెరిగింది.

ఇంట్లో రిజిస్టరైన మందు డబ్బా ఏదైనా ఉంటే తెచ్చి పక్కన పెట్టండి. దాని మీద మూల మీద నిలబెట్టిన చదరం, అంటే డైమండ్ గుర్తు ఉంటుంది. అది లేబుల్ ముఖంలో పదహారో వంతుకు తగ్గకూడదు. పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు. రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, అసలు మందు పేరు, అది ఎంత శాతం, బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ, విరుగుడు ఉంటాయి. డబ్బాతో పాటు మడతపెట్టిన కరపత్రం వస్తుంది. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎకరాకు ఎంత, కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలి, విషం ఒంట పడితే లక్షణాలేమిటి, ప్రథమ చికిత్స ఏమిటి అన్నీ అందులోనే. హిందీ, ఇంగ్లిష్‌తో పాటు అమ్మే ప్రాంతపు భాషలో ఉండాలని 1971 నాటి పురుగుమందుల నియమాలు చెబుతున్నాయి. అందరం ముందు చేసే పని ఆ కరపత్రాన్ని గట్టు మీద పారేయడం!

మీ డబ్బా మీద ఇవేవీ లేవు. పైగా 'సురక్షితం' అని ఉంది. తమాషా ఏమిటంటే ఆ మాట రిజిస్టరైన మందు మీద రాయడానికే వీల్లేదు. సురక్షితం, విషం కాదు, హాని లేదు అని రాయకూడదని, 'సూచించినట్టు వాడితే' అని ముందు తగిలించినా సరే రాయకూడదని నియమాల్లో విడమరిచి మరీ చెప్పారు. లోపల నిజంగా మందే ఉన్నవాడికి ఆ మాట నిషిద్ధం, లోపల ఏముందో చెప్పనివాడు దాన్నే పెద్దక్షరాల్లో వేసుకుంటున్నాడు.

ఇక పరిధి సంగతి. 'బయో' అని రాసినంత మాత్రాన పురుగుమందుల చట్టం తప్పుకోదు. వేపనూనె నుంచి తీసే అజాడిరక్టిన్, బీటీ బాక్టీరియా మందు, ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం ఇవన్నీ జీవ సంబంధమైనవే, అయినా 1968 చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకునే అమ్మాలి. రెండో దారి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం జీవ ఉత్ప్రేరకాలను, అంటే బయోస్టిమ్యులెంట్లను అందులోకి తెచ్చింది. మొక్క ఎదుగుదలకు, తట్టుకునే శక్తికి పనికొచ్చే సరుకు అది. ఆ నిర్వచనంలోనే, పురుగుమందుల చట్టం కిందికి వచ్చేవి ఇందులోకి రావు అని గీత గీశారు. కాబట్టి మీ డబ్బావాడు రెండింటిలో ఒకటి తేల్చుకోవాలి. ఉత్ప్రేరకమైతే తామర పురుగు చస్తుందని రాయకూడదు. పురుగు చస్తుందంటే డైమండ్ గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టి మధ్యలో సొమ్ము చేసుకోవడమే ఈ వ్యాపారం.

చిగుళ్లు మాడాయంటే నాకు అనుమానం ఒక్కటే. ఇలాంటి డబ్బాల్లో చాలాసార్లు లేబుల్ మీద లేని రసాయన మందు కలిపి ఉంటుంది. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు. అందుకే ఒక చేనులో 'బ్రహ్మాండంగా పనిచేసింది', పక్క చేనులో ఆకు మాడింది. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు నుంచి మీ ఖమ్మం దాకా మిర్చి పూతను తినేస్తున్నప్పుడు, ఏ మందుకూ అది ఆగక రైతు దిక్కుతోచక తిరిగాడు. ఈ డబ్బాలకు గిరాకీ పెరిగింది అక్కడే. నకిలీ మందు కన్నా వీటినే నేను ఎక్కువ ప్రమాదం అంటాను. నకిలీని అసలుతో పోల్చి పట్టుకోవచ్చు. దీనికి పోల్చడానికి అసలంటూ ఒకటి లేదు.

ఏఈవో గారి మీద కోపం పెట్టుకోకండి. శాంపిల్ తీసే అధికారం ఆయనది కాదు. మండల వ్యవసాయ అధికారి (ఏవో) సాధారణంగా పురుగుమందుల ఇన్‌స్పెక్టర్‌గా కూడా నోటిఫై అయి ఉంటారు. నేనూ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ కుర్చీలోనే కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా: నోటి మాటగా పోతే 'చూద్దాం' అంటారు, కాగితం పెడితే జవాబు చెప్పక తప్పదు. ఏవో గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద కార్యాలయం స్టాంపు వేయించుకోండి. అందులో 'మందు పనిచేయలేదు' అని రాయకండి, అది వాదన. 'రిజిస్ట్రేషన్ నంబరు లేని సరుకును పురుగు చావడానికి అని అమ్మారు, బిల్లు ఇవ్వలేదు' అని రాయండి. ఈ రెండూ డబ్బా చూస్తే కనబడే విషయాలు. పురుగుమందు ప్రతి అమ్మకానికీ బిల్లు ఇచ్చి తీరాలని నియమం. తెల్ల కాగితం బిల్లు కాదు.

మూత తీసిన మీ డబ్బాతో కేసు గట్టిగా నిలవడం కష్టం. అది దాచండి గానీ, అదే బ్యాచ్ సీలు డబ్బాలు కొట్లో ఉండగానే శాంపిల్ తీయమని అడగండి. ఇన్‌స్పెక్టర్ డీలర్ ఎదుటే శాంపిల్‌ను మూడు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి డీలర్‌కు, ఒకటి పరీక్షకు, ఒకటి కోర్టుకు. అనుమానం ఉన్న సరుకు అమ్మకం ఆపేయించే అధికారం కూడా వారికుంది. ఆలస్యమైతే సరుకు గోదాము మారిపోతుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. పొద్దున ఫిర్యాదు అందితే మధ్యాహ్నానికి అల్మరా ఖాళీ, దుమ్ములో డబ్బాల అడుగుల గుండ్రటి గుర్తులు మాత్రం మిగిలేవి.

నష్టపరిహారం పురుగుమందుల చట్టం ఇప్పించదు. దాని పని శిక్ష వరకే. డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, రెండేళ్లలోపు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. 'రైతు వినియోగదారుడు కాదు, వ్యాపారి' అని అవతలి వకీలు అంటాడు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. అది ఆంధ్రప్రదేశ్ రైతులు విత్తనాల మీద వేసిన కేసే. విత్తనమంతా చల్లేశాక రైతు శాంపిల్ ఎక్కణ్ణుంచి తెస్తాడని కూడా కోర్టు ఆలోచించింది. చేను ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి. చేను చూసి ఏవో గారు రాసే తనిఖీ నివేదిక అన్నిటికన్నా బలమైన కాగితం.

*ప్రశ్న: మాది రైతు కుటుంబం, నేను లా చదువుతున్నాను. గడ్డి మందును తెలంగాణలో నిషేధించారని ఒక ఏడాది విన్నాను, మరుసటి ఏడాది అదే మందు కొట్లో కనిపించింది. రాష్ట్ర ప్రభుత్వానికి ఒక మందును పూర్తిగా నిషేధించే అధికారం ఉందా లేదా?*

జవాబు: లేదమ్మా. కొంతకాలం ఆపగలదు, అంతే.

ఏ మందు దేశంలో అమ్మవచ్చు, ఏ పంటకు, ఎంత మోతాదు, లేబుల్ మీద ఏం రాయాలి అన్నది ఫరీదాబాద్‌లోని రిజిస్ట్రేషన్ కమిటీ తేలుస్తుంది. అది కేంద్రం చేతిలో ఉంది. అమ్మేవాడికి లైసెన్సు ఇవ్వడం, తనిఖీ, శాంపిల్, కేసు, లైసెన్సు రద్దు రాష్ట్రం చేతిలో ఉన్నాయి. మీరు అడిగినది చట్టంలో 27వ సెక్షన్. మందు వల్ల మనుషులకో పశువులకో ప్రమాదం ఉందనుకుంటే రాష్ట్రం 60 రోజుల దాకా అమ్మకం ఆపవచ్చు. విచారణ తేలకపోతే ఇంకో 30 రోజులు. ఆపైన రిజిస్ట్రేషన్ రద్దు చేయడమా మానడమా కేంద్రం ఇష్టం.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడి ప్రభుత్వం యవత్మాల్, చుట్టుపక్కల జిల్లాల్లో మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, డయాఫెంథియురాన్ లాంటి అయిదు రకాలను ఆపింది. ఎన్నాళ్లు? 60 రోజులు. అంతకు మించి చేతకాక కాదు, చట్టం ఇచ్చిన తాడు పొడుగు అంతే.

మీరు అడిగిన గడ్డి మందు గ్లైఫోసేట్ కథ ఇంకో రకం. దానికి తేయాకు తోటల్లో, పంట లేని చోట్ల వాడడానికే అనుమతి. పత్తి లేబుల్‌లో లేనే లేదు. అయితే అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనం దొంగచాటుగా మన చేలల్లోకి వచ్చింది, దాని వెంట ఈ మందూ వచ్చింది. 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. పత్తి సీజను నెలల్లో ఆపితే దొంగ విత్తనానికి బలం తగ్గుతుందని లెక్క. మీరు విన్నది 'నిషేధం' అయినా జరిగింది అది. 2022 అక్టోబరులో కేంద్రం, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (మందు కొట్టడానికి లైసెన్సు ఉన్నవారి) ద్వారా తప్ప దీన్ని వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. పల్లెల్లో అలాంటి ఆపరేటర్ ఎక్కడున్నాడో మీ నాన్నగారిని అడిగి చూడండి.

అధికారం కేంద్రంలో ఎందుకు పెట్టారన్నది మీకు పరీక్షకు పనికొస్తుంది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన పిండి పదార్థాలు తిని వందమందికి పైగా చనిపోయారు. మందు డబ్బాలు, తినే సరుకు ఒకే ఓడలో వచ్చాయి. విచారణ కమిషన్ వేశారు, దాని తర్వాతే 1968 చట్టం. ఒక రేవులో దిగిన సరుకు దేశమంతా తిరుగుతుంది కాబట్టి ఒకే చోట వడపోయాలన్నది సరైన ఆలోచనే. నా అభ్యంతరం మిగతా సగం మీద. ఏ నేలలో, ఏ ఎండలో, ఏ పంపుతో కొడుతున్నారో చూసేది రాష్ట్రం. యవత్మాల్ లాంటిది జరిగితే శవాలు లెక్కపెట్టేదీ రాష్ట్రమే. దానికి 90 రోజులు చాలవు. కొత్త చట్టం ముసాయిదాలు 2008 నుంచి వస్తూనే ఉన్నాయి. మీరు చదువు పూర్తి చేసేసరికి ఏదైనా గట్టెక్కుతుందేమో.

*ప్రశ్న: ఎర్ర గుర్తు మందే గట్టిది, పచ్చ గుర్తు మందు నీళ్లలాంటిదని మా డీలర్ అంటాడు. నిజమేనా?*

జవాబు: కాదు. ఆ రంగు పురుగుకు సంబంధించింది కాదు, మనిషికి సంబంధించింది. ఎలుకలకు తినిపిస్తే సగం చావడానికి, కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు కావాలి అన్నది లెక్క. 50 లోపు అయితే ఎరుపు, పుర్రె బొమ్మ. 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5,000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. క్లోరాంట్రానిలిప్రోల్ ఆకుపచ్చ గుర్తు మందు. దాన్ని కొట్టి చూసినవాళ్లెవరూ నీళ్లలాంటిది అనరు.

పసుపును చూసి ధీమా పడకండి. పారాక్వాట్ అనే కలుపు మందు పసుపు వర్గంలోదే, రెండు గుక్కలు లోపలికి పోతే దానికి విరుగుడు లేదు. ఇంకో మాట: ఎవరికైనా మందు ఒంట పడితే మనిషితో పాటు డబ్బానో కరపత్రాన్నో ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేట్ వర్గపు మందు అని తెలిస్తే డాక్టర్ విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెడతారు. 'ఏదో పురుగుల మందు' అంటే వారికీ చీకట్లో వెతుకులాటే.

*ప్రశ్న: లేబుల్ మీద పత్తి అని ఉంటే నేను టమాటాకు కొట్టాను. నా మీద కేసు పెడతారా?*

జవాబు: పెట్టరు. సొంత సాగులో ఉన్న భూమిలో, పెరట్లో, ఇంట్లో వాడకానికి ఈ చట్టం వర్తించదని 38వ సెక్షన్ చెబుతోంది. కానీ టమాటాకు ఆహార చట్టం వర్తిస్తుంది! ఆహార భద్రత సంస్థ ఏ పంటకు ఏ మందు ఎంత మిగలవచ్చో హద్దు పెట్టింది. హద్దు అంటూ నిర్ణయించని చోట కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. లేబుల్ మీద మీ పంట ఉంటే కోతకు ముందు ఆగాల్సిన రోజులు పరీక్ష చేసి రాస్తారు. లేకపోతే ఆ రోజులు ఎన్నో మీకు చెప్పేవాడే ఉండడు. మోనోక్రోటోఫాస్‌ను 2005లోనే కూరగాయల మీద నిషేధించారని కూడా గుర్తుంచుకోండి.

*ప్రశ్న: నేను డీలర్‌ని. పేరున్న కంపెనీ సరుకు, సీలు తీయలేదు. శాంపిల్ ఫెయిలైందని నా మీద నోటీసు వచ్చింది. నా తప్పేముంది?*

జవాబు: ముందు తేదీ చూసుకోండి. రిపోర్టు మీ చేతికి అందిన 28 రోజుల్లోపు, దాన్ని ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా ఇన్‌స్పెక్టర్‌కో కోర్టుకో తెలపాలి. అప్పుడే శాంపిల్‌ను ఫరీదాబాద్ కేంద్ర ప్రయోగశాలకు పంపించమని అడిగే దారి ఉంటుంది. ఈ గడువు దాటబెట్టి తర్వాత వకీలు చుట్టూ తిరిగిన డీలర్లు చాలామంది.

లైసెన్సు ఉన్నవారి దగ్గరే కొన్నారని, లోపం మీకు తెలిసే వీలు లేదని, కొన్నప్పటి స్థితిలోనే సక్రమంగా నిలవ చేశారని రుజువు చేస్తే 30వ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. రేకుల షెడ్డులో ఎండకు ఉడుకుతున్న గోదామైతే మూడోది చెప్పుకోవడం కష్టం. కొనుగోలు ఇన్వాయిసు, స్టాకు రిజిస్టరు ఈరోజే ఒక ఫైల్లో పెట్టండి. గడువు తీరిన డబ్బాలు ఉంటే విడిగా తీసి 'అమ్మకానికి కాదు' అని స్టాంపు వేయండి. నోటీసు వచ్చిన కొట్టుకు రెండో తనిఖీ తప్పదు.

*ప్రశ్న: ఖాళీ డబ్బాలు ఏం చేయాలి? పాత సామాన్లవాడు కొంటున్నాడు.*

జవాబు: అమ్మకండి. వాడి దగ్గర్నుంచి అవి నకిలీ మందు నింపేవాళ్లకు చేరతాయి, అసలు లేబుల్‌తో సహా. మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రే ట్యాంకులోనే పోయండి. తర్వాత డబ్బాకు పొడిచి, నలగ్గొట్టి, బావికీ ఇళ్లకూ దూరంగా పాతిపెట్టండి. లేబుల్‌ను ముందే గీకేయండి.